దేశాల పంచాయితీలో మన యూరియా బస్తా

(బీరంగూడలో 2025 నవంబరు రెండో వారంలో జరిగిన రైతు సంఘం సభ్యుల తరగతిలో చేసిన ప్రసంగం)



ఈ తరగతి కాగితం చూసి కొందరు నవ్వారు. "ప్రపంచ దేశాల బలాబలాలు, మన వ్యవసాయం" అని రాసి ఉంది కదా. బస్సు దిగి నడిచి వస్తుంటే ఒక అన్న అననే అన్నాడు: "బీరంగూడల ఎవుసమే లేదు. ఇగ అమెరికా, చైనా సంగతి మనకెందుకే?"

ఆ మాటలో నిజముంది. గుట్ట మీద మల్లికార్జునస్వామి గుడి దగ్గర నిలబడి చూస్తే ఇప్పుడు కనిపించేవి అపార్టుమెంట్లు, ఫ్యాక్టరీ గొట్టాలు. మాలో చాలామందికి ఇల్లు బీరంగూడలో ఉంది, చేను సదాశివపేట అవతలో, జోగిపేట వైపో ఉంది. పొద్దున పాలు కొనుక్కునేది ఇక్కడ, ఎరువు వేసేది అక్కడ. అయినా ఆ అన్నకు మేం ఒక్కటే జవాబు చెప్పాం. "ఆగస్టులో నువ్వు యూరియా లైన్లో నిలబడ్డవా లేదా?" నిలబడ్డాను అన్నాడు. "మరి ఆ లైను మొదలు ఎక్కడుందో తెలుసుకుందాం రా, కూర్చో" అన్నాం. వచ్చి కూర్చున్నాడు, అదిగో.

ఆ లైన్లు ఎవరికీ కొత్తగా చెప్పనక్కరలేదు. తెల్లవారుజామున నాలుగింటికి సొసైటీ ముందు చెప్పులు, రాళ్లు, పాసుపుస్తకం జిరాక్సులు మనకు బదులు నిలబడ్డాయి. వరి పిలక వేసే అదను, మక్క మోకాలు దాటిన అదను, పత్తికి మలి దఫా వేసే అదను, మూడూ ఒక్కసారే వచ్చాయి. మనిషికి రెండు బస్తాలు అన్నారు, తర్వాత ఒకటి అన్నారు. కౌలు రైతుకు పాసుపుస్తకమే లేదు, వాళ్ల సంగతి అడిగినవాడు లేడు. బస్తా ధర 266 రూపాయల 50 పైసలు. బయట అంతకు ఎక్కువ పెట్టి కొన్నవాళ్లున్నారు. యూరియా కావాలంటే పక్కన నానో యూరియా సీసా కూడా తీసుకో అని లింకు పెట్టిన దుకాణాలున్నాయి. రాష్ట్రం వాళ్లు కేంద్రం పంపలేదన్నారు. కేంద్రం వాళ్లు రాష్ట్రంలో బ్లాకుకు పోయిందన్నారు. టీవీలో రెండు పార్టీలవాళ్లు రోజూ కొట్లాడుకున్నారు. బస్తా ఎక్కడ పుడుతుందో మాత్రం ఒక్కరూ చెప్పలేదు.

ఆ లైన్లో డెబ్బయ్యేళ్లు దాటిన ఒక పెద్దమనిషి మమ్మల్ని అడిగాడు. "చైనోడు ఇస్తలేడంట గద బిడ్డా. మనం వానికేం జేసినం?" అప్పుడు సరైన జవాబు మా దగ్గర లేదు. ఇంటికి వచ్చి, తెలిసినవాళ్లను అడిగి, పేపర్లు ముందేసుకుని కూర్చున్నాకనే అర్థమైంది. ఆ ముసలాయన ప్రశ్నకు జవాబే ఈ రోజు ప్రసంగం అనుకోండి.

మన దేశం ఏటా వాడే యూరియా ఇప్పుడు 380 లక్షల టన్నుల దగ్గరికి వచ్చింది. దేశంలో తయారయ్యేది 300 లక్షల టన్నులకు కొంచెం పైన. మిగతాది ఓడల్లో రావాలి. ఇక్కడ తయారయ్యేది కూడా పూర్తిగా మనదే అనుకోవద్దు. యూరియాకు ముడిసరుకు సహజవాయువు. మన ఎరువుల ఫ్యాక్టరీలు కాల్చే వాయువులో సగానికి మించి విదేశాలనుంచి ఓడల్లో గడ్డకట్టే చలిలో ద్రవంగా చేసి తెచ్చేదే. అందులో పెద్ద వాటా ఖతార్‌ది. ఆ ఓడలు హోర్ముజ్ జలసంధి దాటి రావాలి, ఇరాన్ ముంగిట నుంచి. ఈ జూన్‌లో ఇజ్రాయెల్, ఇరాన్ పన్నెండు రోజులు బాంబులు వేసుకున్నాయి. ఇరాన్‌లో యూరియా ఫ్యాక్టరీలు ఆగాయి. ఇజ్రాయెల్ గ్యాసు రాక ఈజిప్టులో కూడా ఆగాయి. వెంటనే ప్రపంచ మార్కెట్లో యూరియా ధర ఎగిరింది. సరిగ్గా మనం దుక్కి దున్ని విత్తనం కోసం ఆకాశం చూస్తున్న రోజులవి.

ఇక చైనా. 2023-24లో అక్కడినుంచి మనకు 18 లక్షల టన్నులకు పైగా యూరియా వచ్చింది. ఏడాది తిరిగేసరికి అది లక్ష టన్నుల దగ్గరికి పడిపోయింది. మనం వానికేం చేశాం అంటే, రెండు కారణాలు. మొదటిది, చైనా 2021 అక్టోబరునుంచి తన ఎరువుల ఎగుమతి మీద తనిఖీలు, ఆంక్షలు పెట్టింది. ముందు మా రైతుకు చవకగా దొరకాలి, మిగిలితేనే బయటికి అంది. ఈ మాటలో తప్పేముంది? మన ప్రభుత్వం కూడా అలాగే అనాలనే కదా మనం అడిగేది. రెండోది, 2020 జూన్‌లో గల్వాన్ లోయలో మన జవాన్లు చనిపోయాక రెండు దేశాల మధ్య మాట పడిపోయింది. ఈ ఏడాది చైనా ఎగుమతి కొంచెం వదిలినప్పుడు కూడా ముందు మిగతా దేశాలకు వదిలింది, మన పేరు చివర పెట్టింది. డ్రిప్పులో వదిలే 19-19-19 లాంటి నీటిలో కరిగే ఎరువులు సైతం ఆపింది. కూరగాయలు వేసే మనవాళ్లకు ఆ సంగతి తెలుసు.

ఆగస్టు 18, 19 తేదీల్లో చైనా విదేశాంగ మంత్రి వాంగ్ యీ ఢిల్లీ వచ్చాడు. ఎరువులు వదులుతాం అన్నాడు. నెలాఖరుకు మన ప్రధాని చైనాలోని తియాన్‌జిన్ పోయి, షీ జిన్‌పింగ్‌తో, పుతిన్‌తో చేతులు కలిపిన ఫొటో అన్ని పేపర్లలో వచ్చింది. అయిదేళ్ల కింద చైనా సెల్‌ఫోన్లు పగలగొట్టమన్నవాళ్లే ఆ ఫొటోకు చప్పట్లు కొట్టారు. సరే, కలిస్తే మంచిదే, సరిహద్దులో పిల్లలు చావకుంటే అంతకంటే కావలసిందేముంది. కానీ సెప్టెంబరులో వచ్చిన యూరియా ఆగస్టులో ఎండిన మక్కకు పనికిరాదు. అది మాత్రం గుర్తుంచుకోండి.

డీఏపీది ఇంకో కథ. దానికి కావలసిన రాక్ ఫాస్ఫేటు మొరాకో, జోర్డాన్ లాంటి చోట్లనుంచి రావాలి. 2023 నవంబరునుంచి యెమెన్ హౌతీలు ఎర్ర సముద్రంలో ఓడల మీద దాడులు మొదలుపెట్టారు. ఓడలు ఆఫ్రికా ఖండం మొత్తం చుట్టి రావాల్సి వచ్చింది. 2024 యాసంగికి డీఏపీ ఆలస్యమైంది అందుకే. ఈ జూలైలో మన కంపెనీలు సౌదీతో ఏటా 31 లక్షల టన్నుల డీఏపీకి అయిదేళ్ల ఒప్పందం చేసుకున్నాయి. పొటాష్ అయితే మన నేలలో తీసేదే లేదు. కెనడా, రష్యా, బెలారస్ లాంటి దేశాలే దిక్కు. 2022లో ఉక్రెయిన్ యుద్ధం రాగానే ఎరువుల ధరలు ఎంత పెరిగాయంటే, ఆ ఏడాది ఎరువుల సబ్సిడీ ఒక్కటే రెండు లక్షల కోట్ల రూపాయలు దాటింది. ఆ డబ్బు రైతుకిచ్చామని చెప్పుకున్నారు. మన చేతి మీదుగా పోయింది నిజమే. చేరింది ఎక్కడికో మీరే ఆలోచించండి.

మన రామగుండం సంగతి కూడా చెప్పాలి. బొగ్గుతో నడిచిన పాత ఎరువుల కర్మాగారం 1999లో మూతపడింది. ఇరవై ఏళ్లకు పైగా తుప్పు పట్టింది. మళ్లీ గ్యాసుతో కట్టి 2021లో మొదలుపెట్టారు, ఏటా 12.7 లక్షల టన్నులు తీసే శక్తి ఉంది. ఈ వానాకాలం అదను మీద అక్కడ కూడా ఉత్పత్తి కొన్నాళ్లు ఆగింది. ఆ ఇరవై ఏళ్లలో "బయట చవకగా దొరుకుతుంటే ఇక్కడ తయారు చేయడమెందుకు" అన్న పెద్ద చదువుల వాళ్లు ఇప్పుడెక్కడున్నారో తెలియదు. బయట చవక అన్నది ఓడ వచ్చినన్నాళ్లే.

పెద్దవాళ్లకు ఇది కొత్త కాదు. 1965, 66లో వరుసగా కరువొచ్చింది. అమెరికానుంచి పి.ఎల్. 480 కింద గోధుమలు వచ్చేవి. వియత్నాం మీద అమెరికా బాంబులు వేయడం తప్పని మన ప్రభుత్వం అన్నది. అప్పటి అధ్యక్షుడు జాన్సన్ ఓడలను నెలనెలా లెక్కబెట్టి, బిగబట్టి వదిలాడు. అంతకు కొంచెం ముందే లాల్‌బహదూర్ శాస్త్రి గారు సోమవారం రాత్రి ఒక పూట మానేయమని దేశాన్ని అడిగారు. మా వయసువాళ్లు ఆ తర్వాత పుట్టినవాళ్లం. మాకు తెలిసిందల్లా బడిలో పెట్టిన కేర్ వాళ్ల పసుపుపచ్చ ఉప్మా. అది కూడా అమెరికా మక్కనే. తిన్నాం, కడుపు నిండింది, కాదనం. కానీ అన్నం పెట్టే చేయి గొంతు మీద కూడా ఉండగలదని మా పెద్దలు చెప్పేవారు.

ఇప్పుడు మన పటాన్‌చెరు సంగతికి వద్దాం. ప్రపంచ పటం చూడడానికి మనం ఢిల్లీ పోనక్కరలేదు. ఇక్కడినుంచి గంట ప్రయాణంలోపు అంతా ఉంది.

రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ ఉంది కదా. 1960లలో దాన్ని చెకోస్లోవేకియా సహకారంతో కట్టారు. అది అప్పుడు సోవియట్ కూటమి దేశం. బాలానగర్ ఐడీపీఎల్ సోవియట్ సహాయంతో వచ్చింది. పటాన్‌చెరులో 1972లో ఇక్రిశాట్ పెట్టారు, దాదాపు 3,400 ఎకరాల్లో. దాని వెనుక ఉన్నవి అమెరికాకు చెందిన ఫోర్డ్, రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్లు. ఎద్దుమైలారంలో 1984లో మొదలైన ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలో రష్యా నమూనాతో యుద్ధ వాహనాలు చేస్తారు. ఇందిరాగాంధీ మన మెదక్ ఎంపీగా ఉన్న కాలం అది. రెండు పెద్ద దేశాలు మేము గొప్పంటే మేము గొప్పని పోటీపడిన రోజుల్లో, మన దేశం ఇద్దరితోనూ మాట్లాడి ఇద్దరిదగ్గరా తెచ్చుకుంది. అది తెలివైన పనే అని మేమంటాం. ఇవాళ అందరూ తిడుతున్నారు గానీ, ఆ రోజుల్లో బీహెచ్ఈఎల్‌లో పర్మనెంటు ఉద్యోగం వచ్చిన ఇల్లు ఈ చుట్టుపక్కల ఎట్లా బాగుపడిందో మనం కళ్లతో చూశాం. విశాలాంధ్ర బండిలో కొద్ది పైసలకే రష్యా బొమ్మల పుస్తకాలు కొనుక్కున్నవాళ్లం కూడా మేమే. ఆ కాగితం వాసన ఇంకా గుర్తుంది. సరే, అది పక్కనపెడదాం.

ఐడీపీఎల్‌లో మందుల తయారీ నేర్చుకున్నవాళ్లు బయటికొచ్చి సొంత కంపెనీలు పెట్టారు. 1970 పేటెంటు చట్టం వల్ల మందులు చవకగా చేసే దారి దొరికింది. అట్లా పటాన్‌చెరు, బొల్లారం, గడ్డపోతారం, ఖాజీపల్లి నిండా బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీలు వచ్చాయి. ఇవాళ వాటిలో చాలావాటికి ముడి రసాయనాలు చైనానుంచి వస్తాయి. తయారైన మందు అమెరికా, యూరప్ పోతుంది. మధ్యలో మనకు మిగిలింది నక్కవాగు.

ఇది మనం కోపంతో అంటున్న మాట కాదు. 1990లోనే సుప్రీంకోర్టుకు పోయిన కేసు ఇది. తర్వాత హైకోర్టు, చివరికి జాతీయ హరిత ట్రిబ్యునల్. పటాన్‌చెరు డాక్టరు అల్లాని కిషన్‌రావు గారు ఏళ్ల తరబడి దీనికోసం తిరిగారు. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు పటాన్‌చెరు దగ్గర శుద్ధి చేసి వదిలిన నీళ్లను పరీక్షించి అచ్చు వేశారు. లీటరు నీళ్లలో 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు ఉందని తేలింది. అప్పటిదాకా ప్రపంచంలో ఎక్కడా కాలవ నీళ్లలో అంత మందు కనిపించలేదు. జ్వరానికి డాక్టరు రాసే గోలీ అది. మన బర్రెలు చీటీ లేకుండా తాగాయి. అమెరికాలో ఒక ముసలమ్మకు మందు చవకగా దొరకడం మంచిదే. ఆ చవకలో మన బోరునీళ్ల లెక్క కలపలేదు, అంతే. ఆ ఫ్యాక్టరీల జీతాలతోనే మా ఇళ్లల్లో పొయ్యి వెలుగుతున్నది కాబట్టి ఇది చెప్పడం మాకు కూడా సులువు కాదు. మా తమ్ముళ్లు, కొడుకులు షిఫ్టులకు పోయేది అక్కడికే.

ఇప్పుడు మళ్లీ కొత్త గాలి వీస్తున్నది. అమెరికాకు, చైనాకు చెడింది. కంపెనీలు చైనా ఒక్కదాని మీద ఆధారపడొద్దని ఇంకో దేశం వెతుకుతున్నాయి. దీనికి "చైనా ప్లస్ వన్" అని పేరు. మన పాలకులు ఏ పార్టీవాళ్లయినా ఆ "వన్" మేమే అంటున్నారు. మంచిదే. కానీ ఆ వన్‌కు భూమి కావాలి. జహీరాబాద్ నిమ్జ్ కోసం న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో అనుకున్నది 12,600 ఎకరాలకు పైగా. అందులోనే 3,245 ఎకరాల పారిశ్రామిక నగరానికి 2024 ఆగస్టులో కేంద్రం ఆమోదం ఇచ్చింది. అదే ఏడాది ఫార్మా కోసం న్యాల్‌కల్ మండలంలోని డప్పూర్, మల్గి, వడ్డి రైతులను భూములడిగితే వాళ్లు రోడ్డెక్కారు. ఎందుకెక్కారు? పటాన్‌చెరు చూశారు కాబట్టి. మనం ముప్పయ్యేళ్లు కోర్టుల చుట్టూ తిరిగినదాని ఫలితం ఏదైనా ఉంటే అది ఇదే. ఆ రైతులకు మనం ఎవరూ చెప్పకుండానే తెలిసింది.

ఇక పత్తి. ఈ మాట కోసమే చాలామంది వచ్చారని తెలుసు.

తేదీలు చెప్తాం, రాసుకోండి. విదేశీ పత్తి మీద 2021 ఫిబ్రవరినుంచి 11 శాతం దిగుమతి సుంకం ఉంది. వంద రూపాయల సరుకు వస్తే పదకొండు రూపాయల గోడ. 2022లో కొన్ని నెలలు తీసి మళ్లీ పెట్టారు. ఈ ఏడాది ఆగస్టు 7న అమెరికా మన సరుకుల మీద 25 శాతం పన్ను వేసింది. రష్యానుంచి చమురు కొంటున్నారన్న సాకుతో ఆగస్టు 27నుంచి ఇంకో 25 వేసింది. మొత్తం 50. ఇటు మన ప్రభుత్వం ఏం చేసింది? ఆగస్టు 19నుంచి సెప్టెంబరు 30 దాకా పత్తి మీద సుంకం ఎత్తేసింది. అమెరికా రెండో దెబ్బ అమల్లోకి వచ్చిన మర్నాడే, అంటే 28న, ఆ మినహాయింపును డిసెంబరు 31 వరకు పొడిగించింది. మన పత్తి మార్కెట్‌కు వచ్చేది అక్టోబరునుంచి. సరిగ్గా ఆ మూడు నెలలూ గోడ లేదు.

ఎందుకు తీశారంటే, తిరుపూరు బట్టల మిల్లులను కాపాడడానికి అన్నారు. ఆ మిల్లుల కార్మికుల బాధ అబద్ధం కాదు. అమెరికాకు బనీన్లు, చొక్కాలు పంపి బతికేవాళ్లు, 50 శాతం పన్నుతో ఆర్డర్లు పోయాయి. మన భీమవరం వైపు రొయ్యల రైతులదీ అదే గతి, వాళ్ల సరుకుకు అన్నిటికంటే పెద్ద గిరాకీ అమెరికానే. కానీ చూడండి, దెబ్బ కొట్టింది ఒకడు, మందు రాయడానికి కోసింది ఇంకొకరి చర్మం. మిల్లు కార్మికుడికి సాయం చేయాలంటే ఖజానానుంచి చేయొచ్చు. పత్తి రైతు ధరలోంచి తీసి ఇవ్వడమేమిటి? రేపు ఆ కార్మికుడు మన మీదికి, మనం ఆ కార్మికుడి మీదికి పోతాం. సుంకం వేసినవాడు హాయిగా ఉంటాడు.

తెలంగాణలో నలభై లక్షల ఎకరాలకు పైగా పత్తి ఉంది. మన జిల్లాలో పత్తి చేను లేని ఊరు తక్కువ. 2025-26కు మద్దతు ధర పొడవు పింజకు 8,110 రూపాయలు. చాలా గొప్పగా ఉంది కాగితం మీద. సీసీఐ దగ్గరికి పోవాలంటే ముందు కపాస్ కిసాన్ యాప్‌లో పేరు, స్లాటు. తేమ 12 దాటితే కొనరు. అక్టోబరు చివర వానకు గుడ్డి పత్తి కూడా కారింది. ఎకరాకు ఏడు క్వింటాళ్లే కొంటామంటున్నారు. మా వాళ్లలో ఒకరు జిన్నింగు మిల్లు గేటు ముందు రెండు రాత్రులు ట్రాక్టరు మీద పడుకుని, మూడో రోజు తేమ ఎక్కువని వెనక్కి వచ్చి, వ్యాపారికి అడిగిన ధరకు పోసి వచ్చారు. ఆయన భార్య ఇక్కడే ఉంది, ఆమె లేచి చెప్పనంది, అందుకని మేమే చెప్తున్నాం. వ్యాపారి మాట ఏమిటో తెలుసా? "బయటి దేశం పత్తి దిగుతుంది, మాకు మీ పత్తి అవసరం లేదు." 2024-25లో దిగుమతైన పత్తి బేళ్లు అంతకు ముందు ఏడాది కంటే రెండింతలు దాటాయి. ఈ మాట నూటికి నూరుపాళ్లు నిజం కాకపోయినా, బేరంలో మన నోరు మూయించడానికి అది చాలు.

రష్యా చమురు సంగతి కూడా ఒక మాట. 2022కు ముందు మనం కొనే ముడిచమురులో రష్యా వాటా రెండు శాతం కూడా లేదు. తర్వాత మూడో వంతు దాటింది. చవకగా వచ్చింది కాబట్టి కొన్నారు. దాని మీద మాకు పేచీ లేదు, ఎవరిదగ్గర కొనాలో అమెరికా చెప్పనక్కరలేదు. అయితే ఆ చవక మన ట్రాక్టరు ట్యాంకు దాకా రాలేదు. 2024 మార్చిలో ఎన్నికల ముందు లీటరుకు రెండు రూపాయలు తగ్గించారు, అంతే. లాభం వచ్చినప్పుడు చమురు కంపెనీలది, శిక్ష వచ్చినప్పుడు పత్తి రైతుది. ఇందులో రైతు ఎక్కడ సంతకం పెట్టాడో వెతుకుతున్నాం.

ఇప్పుడు అమెరికాతో వాణిజ్య ఒప్పందం మాటలు నడుస్తున్నాయి. వాళ్లకు కావలసింది ఏమిటి? మక్క, సోయా, పాల పదార్థాలు మన మార్కెట్లో అమ్ముకోవడం. మీరింతమంది ఉండి మా మక్క ఎందుకు కొనరని సెప్టెంబరులో వాళ్ల వాణిజ్య మంత్రి బహిరంగంగానే అడిగాడు. ఎందుకీ తొందర అంటే, చైనా ఈ ఏడు మే తర్వాత అమెరికా సోయా కొనడం ఆపేసింది. వాళ్ల గోదాములు నిండిపోయాయి. అక్టోబరు 30న ట్రంప్, షీ దక్షిణ కొరియాలో కలిశాక మళ్లీ కొంటామని చైనా మాటిచ్చింది. అప్పటిదాకా అయోవా, ఇల్లినాయి రైతు కూడా మనలాగే తల పట్టుకుని కూర్చున్నాడు. తేడా ఒక్కటే. 2018, 19లో ఇలాంటి తగాదాయే వచ్చినప్పుడు వాళ్ల ప్రభుత్వం రైతుల ఖాతాల్లో రెండు వేల కోట్ల డాలర్లకు పైగా వేసింది. అటువంటి రైతుతో న్యాల్‌కల్‌లో రెండెకరాల సోయా రైతు పోటీపడాలట. పైగా వాళ్ల మక్క, సోయాలో నూటికి తొంభైకి పైగా జన్యుమార్పిడివి. మన దేశంలో 2002నుంచి బీటీ పత్తికి తప్ప మరే పంటకూ సాగు అనుమతి లేదు. మన మక్కకు 2025-26లో మద్దతు ధర 2,400 అని రాశారు, ఈ సీజన్లో ఎంతకు అమ్మారో మీ జేబులకు తెలుసు.

ఆగస్టు 7న ప్రధాని ఢిల్లీలో స్వామినాథన్ శతజయంతి సభలో, రైతుల, పశుపాలకుల, మత్స్యకారుల ప్రయోజనాల మీద రాజీపడేది లేదన్నారు. మంచి మాట. పన్నెండు రోజులకు పత్తి సుంకం పోయింది. మాట విని సంతోషపడడం కాదు, నోటిఫికేషన్లు చదవడం నేర్చుకోవాలి మనం.

అమెరికా ఒక్కదాన్నే తిట్టి ఇంటికి పోదామనుకుంటే అది కూడా తప్పు. 2016లో మొజాంబిక్‌తో కందుల ఒప్పందం చేసుకున్నారు. అది కూడా స్నేహమే. ఈ ఏడు చాలా మార్కెట్లలో కంది ధర మద్దతు ధర కిందికి దిగింది, తాండూరు, జహీరాబాద్ కందికి ఎంత పేరుంటే ఏం లాభం. రష్యా, కెనడా పసుపు బఠాణీ 2023 డిసెంబరునుంచి సుంకం లేకుండా దిగింది. దేశమంతా రైతులు గోల చేశాక ఈ నెల 1నుంచి 30 శాతం సుంకం పెట్టారు. గోల చేస్తే కదులుతుందనడానికి ఇది సాక్ష్యం. 2019 నవంబరులో చైనా కూడా ఉన్న ఆర్‌సెప్ ఒప్పందంనుంచి మన దేశం బయటికి వచ్చింది, పాడి రైతులు గట్టిగా నిలబడ్డారు కాబట్టి. పాలకులు అమెరికా పక్కకు జరిగినా, రష్యా పక్కకు జరిగినా, చైనాతో చేతులు కలిపినా మనం అడగవలసిన ప్రశ్న ఒకటే. ఆ బల్ల మీద మనది ఏం పెట్టి వచ్చారు? పత్తి సుంకమా, కందా, పాలా, న్యాల్‌కల్ నేలా?

ఆంబోతులు కొట్లాడితే లేగల కాళ్లు విరుగుతాయని సామెత. సగమే నిజం. ఇక్కడ ఆ కొట్లాటే మేత కోసం. నూట నలభై కోట్ల మంది తినే మార్కెట్ ఎవరిదన్నదే తగాదా.

మనం ఏం చేయాలి అంటే, పెద్ద పనులేం చెప్పం. మన రాజ్యాంగంలో వ్యవసాయం రాష్ట్రాల జాబితాలో ఉంది. విదేశాలతో ఒప్పందం మాత్రం కేంద్రం చేసుకుంటుంది, రాష్ట్ర శాసనసభను అడగదు. కాబట్టి సంతకానికి ముందే ఒప్పందం కాగితం పార్లమెంటులోనూ శాసనసభలోనూ పెట్టాలని మన ఎమ్మెల్యేను, ఎంపీని ఊరి సభలో నిలబెట్టి అడగాలి. తెలియదంటే తెలియదనే చెప్పమనండి, అది కూడా రాసుకుందాం. వచ్చే వానాకాలానికి యూరియా మే నెలాఖరుకే మండలాల్లో నిల్వ ఉండాలని ఇప్పటినుంచే కలెక్టరుకు అర్జీ పెట్టాలి, జూలైలో కాదు. కౌలు రైతులకు గుర్తింపు కార్డు లేకుండా బస్తా దొరకదు కాబట్టి ఆ అర్జీలో వాళ్ల మాట మొదట ఉండాలి. న్యాల్‌కల్ రైతులు పిలిస్తే పటాన్‌చెరువాళ్లం ముందు పోవాలి, మన బోరునీళ్ల సీసాలు చేత పట్టుకుని.

పత్తి సుంకం గడువు డిసెంబరు 31. ఇంకా ఏడు వారాల దాకా ఉంది. మళ్లీ పొడిగిస్తారా, గోడ తిరిగి పెడతారా అన్నది ఈ ఏడు వారాల్లోనే తేలుతుంది. అందుకు మన దగ్గర లెక్క ఉండాలి. నోటిమాట ఢిల్లీలో చెల్లదు. అక్టోబరునుంచి ఇప్పటిదాకా పత్తి అమ్మినవాళ్లు, సీసీఐకి పోసినా, వ్యాపారికి పోసినా, తక్‌పట్టీ పారేయకండి. తెల్లకాగితం మీద రాసిచ్చినా దాచిపెట్టండి. ఎన్ని క్వింటాళ్లు, ఏ ధర, తేమ ఎంత అన్నారు, ఎన్ని వెనక్కి పంపారు, ఇవన్నీ ఆ కాగితం వెనక మీ పిల్లలతో రాయించండి. వచ్చే ఆదివారం ఇక్కడే, ఇదే హాల్లో, జిరాక్సు మిషను తెచ్చి పెడతాం. ఒరిజినల్ మీరే తీసుకుపోవచ్చు. ఇందాక లేవనన్న అక్క కూడా తమ కాగితం తెస్తానని మాటిచ్చింది. టీ వచ్చింది, తాగుదాం. ప్రశ్నలుంటే తాగుతూ అడగండి.